ఆర్గురిచేతన్, చేజేతులా: కర్ణుడి చావులో ఏడో చెయ్యి

అందరికీ నమస్కారం. పద్యం మీకు నోటికి వచ్చిందే. అయినా పూర్తిగా రాస్తాను, ఎందుకంటే నా ప్రశ్నంతా అందులో ఉన్న ‘చే’ మీదే.

నరవర! నీచే నాచే
వరమడిగిన కుంతిచేత వాసవుచేతన్
ధరచే భార్గవుచేత
న్నరయంగా గర్ణుఁ డీల్గె నార్గురిచేతన్

కర్ణుడు పడిపోయాక కృష్ణుడు అర్జునుడితో అన్నట్టుగా చెప్పుకునే కందం. ఈల్గె అంటే చచ్చె. చాటువులా నోటినోటా తిరిగింది కాబట్టి పాఠాలు రకరకాలు. ‘నరుచేతను నాచేతను’ అని ఎత్తుకునేవాళ్లూ ఉన్నారు. మా చిన్నప్పుడు ఊళ్లో పౌరాణిక నాటకం ఆడితే కృష్ణుడి వేషగాడు ఆ చివరి ‘ఆర్గురిచేతన్’ దగ్గర హార్మోనియం ఆగేదాకా రాగం తీసేవాడు. ఒక్కోసారి హార్మోనియం ఆగినా తీసేవాడు.

నేను అనంతపురంలో పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి, పండితుణ్ణి కాను. లెక్కలవాడికి ఈ పద్యం వినగానే చేయబుద్ధయ్యేది ఒక్కటే, లెక్కపెట్టడం. అర్జునుడు, కృష్ణుడు, కుంతి, ఇంద్రుడు, భూదేవి, పరశురాముడు. ఆరుగురూ సరిపోయారు. మరి కర్ణుడేడి? ఆయనకూ రెండు చేతులుండేవి కదా, ఈ లెక్కలో అవి ఎందుకు పడలేదు?

ఈ సందేహం నాకు పద్యం చదివితే పుట్టింది కాదు. ఒక బోరు దగ్గర పుట్టింది.

మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. మా చిన్నాయనకు ఐదెకరాల శెనక్కాయ చేను. మూడు బోర్లు వేశాడు, మూడింటిలోనూ నీళ్లు పడలేదు. మూడోదానికి చిన్నమ్మ చెవి కమ్మలు పోయాయి. నాలుగోదానికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. నీళ్లు చూసే ఆయన వచ్చి, అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని, చెప్పుల్లేకుండా చేనంతా నడిచాడు. వెనకాలే మేము. తూర్పు గట్టు మీద వేపచెట్టుకు పదడుగుల దూరంలో కాయ కదిలింది. మెల్లగా లేచి అరచేతిలో నిలువుగా నిలబడింది. నేను కళ్లారా చూశాను, ఎట్లా నిలబడిందని అడక్కండి. అక్కడ సున్నంతో గుర్తు పెట్టారు.

ఆ రాత్రి బోరు లారీ వచ్చింది. చిన్నాయన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నాడు. రాడ్డు మార్చినప్పుడల్లా లేచి వెళ్లి, బయటికొచ్చిన పొడిని గుప్పెట్లోకి తీసుకుని నలిపేవాడు, తడి తగులుతుందేమోనని. 300 అడుగుల దగ్గర ఒకసారి పొడి కాస్త ముద్ద కట్టింది. అందరం లేచి నిలబడ్డాం. తరువాత మళ్లీ పొడే. 620 దగ్గర ఆపమన్నాడు. తెల్లారి చూస్తే వేపచెట్టు ఆకులన్నీ పిండి చల్లినట్టు తెల్లగా ఉన్నాయి.

అప్పుడు మూడు మాటలు విన్నాను. పక్క చేను ఆయన, “కర్ణుని సావుకు కారణాలెన్నో లేప్పా” అని వానను, అప్పును, కొబ్బరికాయ ఆయన్ను, నేల కింది రాయిని వరసగా తిట్టుకుంటూ వచ్చాడు. చిన్నాయన తల వంచుకుని, “విధిలేక ఏసినా” అన్నాడు. చిన్నమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే, “విధిలేక కాదు, చేజేతులా చేసుకుంటివి” అంది.

ఒకటే బోరు గుంత. దానికి మూడు పేర్లు. ఏళ్లు గడిచినా ఈ మూడూ నాకు ఒకదానితో ఒకటి కలవడం లేదు.

ముందు ‘విధిలేక’ చూడండి. విధి అంటే తలరాత అంటాం. అట్లాంటప్పుడు ‘విధిలేక’ అంటే తలరాత లేక, అంటే స్వేచ్ఛగా, అని అర్థం రావాలి. వస్తుందా? సరిగ్గా తిరగబడుతుంది. ‘విధిలేని పరిస్థితుల్లో’ అని పేపర్లో రాస్తే వేరే దారి లేక అనే. ఇక్కడ విధి అంటే దారి, పద్ధతి. పూజావిధి అన్నప్పటి విధి. ఉద్యోగంలో చేరినవాడు ‘విధుల్లో చేరాడు’, దారిలో లారీ గుద్దితే ‘విధి వక్రించింది’. ఒకే మాట ఆఫీసులోనూ ఉంటుంది, ఆస్పత్రిలోనూ ఉంటుంది.

‘చేజేతులా’ దగ్గర ఆ గజిబిజి లేదు. పాత పుస్తకాల్లో అరసున్నతో చేఁజేతులార అని కనిపిస్తుంది. ఎవరి చేతులతో వాళ్లే. నా అనుమానం ఏమంటే, పద్యం రాసినాయన ఆరు ‘చే’లు పేర్చి, ఈ ఏడో ‘చే’ను కావాలనే దాచాడు. మీరేమంటారు?

ప్రొద్దుటూరు టీచరమ్మ:

సార్, ముందు వ్యాకరణం తేల్చుకుందాం. చేతన్, చేన్, తోడన్, తోన్ తృతీయా విభక్తి. ఈ ‘చేత’ చేయి నుంచి వచ్చిందంటారు. చేయు నుంచి అనుకున్నా నష్టం లేదు, చేతలు చేసేది చేతులే. అయితే పాత తెలుగులో ‘చేత’ చంపినవాడికీ వాడతారు, ఊరికే కారణానికీ వాడతారు. ‘రామునిచేత రావణుఁడు చచ్చె’ అన్నప్పుడు రాముడు చంపినవాడు. ‘ఆకలిచేత సొమ్మసిల్లె’ అన్నప్పుడు ఆకలి ఎవరినీ చంపలేదు, అది హేతువు. మీ పద్యంలో ‘నీచే’ మొదటి రకం, బాణం వేసింది అర్జునుడే కాబట్టి. ‘భార్గవుచేత’ రెండో రకం, ఆయన ఎప్పుడో మహేంద్రగిరి మీద శపించి ఊరుకున్నాడు. రెండు రకాల వాళ్లనూ ఒకే ‘చే’తో ఒకే వరసలో కూర్చోబెట్టడమే ఆ కవి చమత్కారం. ‘వలన’ అని ఉంటే పద్యం ఇంతకాలం బతికేది కాదు.

ఇంకో సంగతి. మూడో పాదం చివర ‘చేత’ అని ఆపి, నాలుగో పాదం ‘న్నరయంగా’ అని ఎత్తుకోవడం గమనించారా? ఆ ద్రుతం, అంటే చివరి ‘న్’, రెట్టించకపోతే మూడో పాదంలో ఒక మాత్ర తగ్గుతుంది. పిల్లలతో చదివించేటప్పుడు అక్కడ ఆగొద్దని చెప్పాలి.

కర్నూలు మిత్రుడు:

శల్యుణ్ణి మరిచిపోతే ఎట్లా అన్నా? కర్ణుడికి సారథిగా రథం మీద కూర్చుని మనిషిని మాటలతోనే సగం చంపినాడు. అసలు ముద్దాయి ఆయనే.

నా జవాబు:

నిజమే అన్నా. గోవు దూడ చచ్చిపోతే శాపం పెట్టిన బ్రాహ్మణుడూ పద్యంలో లేడు, రథచక్రం నేలలో దిగబడాలన్నది ఆయన శాపమే కాబట్టి ఆయన మాట ‘ధర’ కింద సర్దేశారు. శల్యుణ్ణి చేర్చి ‘ఏడ్గురిచేతన్’ అందామంటే యతి కుదరదు. శల్యుడు బతికిపోయింది యతి వల్ల అనుకోండి.

ధర్మవరం అన్న:

లెక్కల సారూ, కర్ణుడు చేజేతులా చేసుకున్నాడంటే నేనొప్పుకోను. అడిగినవాడికి ఇవ్వడం తప్పా? అది ఆయన పుట్టుక గుణం. గుణాన్ని తప్పంటే మంచితనమే తప్పనాల్సి వస్తుంది.

ఒక మాట చెప్తా. మా ఊళ్లో పుట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) బళ్లారిలో వకీలుగా ఉంటూ ‘విషాద సారంగధర’ రాశారు. తెలుగులో తొలి విషాదాంత నాటకం అదేనంటారు. అందులో రాకుమారుడి తప్పేముంది? పావురం ఎగిరి సవతి తల్లి చిత్రాంగి మేడ మీద వాలింది. దాని కోసం వెళ్లాడు. ఆమె నింద వేసింది, తండ్రి నమ్మాడు, కాళ్లూ చేతులూ నరికించాడు. చేతులే పోయినవాణ్ణి పట్టుకుని చేజేతులా అంటారా మీరు?

నా జవాబు:

అన్నా, చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు, గట్టిగా తగిలింది. కానీ పావురం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పావురం ఎక్కడ వాలుతుందో సారంగధరుడి చేతిలో లేదు. అంతవరకు మీ మాటే. ఆ మేడలోకి పోవద్దని స్నేహితుడు, మంత్రి కొడుకు సుబుద్ధి, చెప్పాడు కదా. పేరు కూడా చూడండి, సుబుద్ధి. ఆ మాట వినకుండా గడప దాటిన కాలు పావురానిది కాదు.

కర్ణుడి సంగతీ అంతే. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వస్తాడని, కవచకుండలాలు అడుగుతాడని, ఇవ్వొద్దని, ముందుగానే కలలోకి వచ్చి చెప్పింది సాక్షాత్తూ సూర్యుడు. కన్నతండ్రి. తెలియక ఇచ్చి ఉంటే మోసపోయాడు అనేవాళ్లం. తెలిసే ఇచ్చాడు, పైగా బదులుగా శక్తి ఆయుధం అడిగి తీసుకున్నాడు. దాన్ని అర్జునుడి కోసం దాచిపెట్టి, చివరికి పద్నాలుగో రోజు రాత్రి ఘటోత్కచుడి మీద వేయాల్సొచ్చింది. దానం తప్పని నేననడం లేదు. ‘వాసవుచేతన్’ అన్నప్పుడు ఆ చేయి చాచింది ఇంద్రుడే, కానీ కత్తి పట్టి ఒంటి మీద కవచాన్ని కోసింది ఎవరి చేయి?

నాకు ఇంతకంటే ముఖ్యంగా అనిపించేది పాము బాణం. పదిహేడో రోజు. ఖాండవ వనం తగలబడినప్పుడు తప్పించుకున్న పాము, అశ్వసేనుడు, పగతో కర్ణుడి బాణంలో చేరాడు. కర్ణుడు అర్జునుడి తలకు గురిపెట్టాడు. ఇన్ని మాటలతో పొడిచిన శల్యుడే అక్కడ మాత్రం మంచి మాట చెప్పాడు, ఈ బాణం మెడకు తగలదు, మళ్లీ చూసి సంధించు అని. కర్ణుడికి కళ్లు ఎర్రబడ్డాయి. కర్ణుడు రెండోసారి సంధించడు అన్నాడు. వదిలాడు. కృష్ణుడు రథాన్ని నేలలోకి తొక్కాడు, గుర్రాలు మోకాళ్ల మీద వంగాయి, కిరీటం ఎగిరిపోయింది, తల మిగిలింది. కథ అక్కడితో అయిపోతే విధి అనొచ్చు. పాము తిరిగొచ్చి, ఈసారి చూసుకుని నన్ను మళ్లీ వెయ్యి అంది. కర్ణుడు ఏమన్నాడు? ఇంకొకరి బలంతో గెలవను, నూరుమంది అర్జునులను చంపేదైనా అదే బాణం రెండోసారి వేయను.

ఆ మాట ఆయనతో ఎవరు అనిపించారు? పరశురాముడా? కుంతా? ఆ పూట అక్కడ శాపం లేదు, ఇచ్చిన మాట లేదు, అడుక్కునేవాడు లేడు. కర్ణుడొక్కడే ఉన్నాడు. నాకు ఆయన ఎక్కువ నచ్చేది కూడా అక్కడే, అది వేరే సంగతి.

అందుకే ‘చేతులారా’ అనే మాట ఆయనకు రెండు వైపులా సరిపోతుంది. కడుపారా తినడం, నోరారా పిలవడం లాంటిదే చేతులారా. ఆ ఆరా అంటే నిండుగా, తనివితీరా. పోతన ‘చేతులారంగ శివునిఁ బూజింపఁడేని’ అన్నప్పుడు అది భక్తి. (పోతన మా ఒంటిమిట్ట వాడని కడప వాళ్లు ఇప్పుడు దిగుతారు, దయచేసి ఆ గొడవ ఇంకోరోజు పెట్టుకుందాం.) అదే మాటతో మనం ‘చేతులారా చెడగొట్టుకున్నాడు’ అని తిడతాం. కర్ణుడు చేతులారా ఇచ్చాడు, చేతులారా పోగొట్టుకున్నాడు. రెండూ ఒకే రోజు, ఒకే కత్తితో.

కడప వాసి:

పోతన ఒంటిమిట్ట వాడే. ఇంకోరోజు దాకా ఎందుకు.

పులివెందుల పెద్దాయన:

నాయనా, నువ్వు ఎంత తిప్పినా అక్కడికే వస్తావు. బుద్ధి కర్మానుసారిణి అని వినలేదా? ఆ పాము బాణం దగ్గర వద్దనిపించిన బుద్ధి కూడా ఆయన కర్మ ఇచ్చిందే. మీ చిన్నాయనకు నాలుగో బోరు వేయాలనిపించడమూ అంతే. ‘కర్మ మధికమైన గడచి పోవఁగరాదు’ అని వేమన చెప్పలా? ధర్మరాజంతటివాడు పోయి విరాటుడి కొలువులో కంకుభట్టు అయినాడు. ఇంక మనమెంత. నువ్వు ఏడో చెయ్యి అంటున్నావే, ఆ చెయ్యిని ఆడించేది కూడా పైవాడే.

నా జవాబు:

పెద్దాయనా, మీరు చెప్పింది కాదనడానికి నా దగ్గర రుజువు లేదు. ఎవరి దగ్గరా ఉండదు, అదే ఆ సామెత బలం. ఏం జరిగినా దానికి సరిపోతుంది. లెక్కల్లో అట్లా అన్నిటికీ సరిపోయే జవాబు వస్తే పిల్లాణ్ణి మళ్లీ చేయమంటాం.

మీరు వేమనను తెచ్చారు కాబట్టి నేను చిన్నయసూరిని తెస్తాను. బడిలో బట్టీ పెట్టించిన వాక్యమే: ‘పోగాలము దాపురించినవారు దీపనిర్వాణగంధమును, అరుంధతిని, మిత్రవాక్యమును మూర్కొనరు, కనరు, వినరు.’ పోయేకాలం వచ్చినవాడు ఆరిన దీపం వాసన పసిగట్టడు, అరుంధతి నక్షత్రాన్ని చూడడు, స్నేహితుడి మాట వినడు. ఇన్నేళ్లూ దీన్ని నేను మీ వైపు సాక్ష్యంగానే చదివాను. కాలం మూడింది కాబట్టి వినడు అని. నిన్న రాత్రి మళ్లీ చదివితే ఒక చిన్న ముక్క దగ్గర ఆగిపోయాను. సూరి ‘వినరు’ అన్నాడు. ‘వినలేరు’ అనలేదు. మనకు ఆ ‘లే’ ఎంత పెద్ద తేడానో చూడండి. “మీవాడు మాట వినడు” అంటే తల్లి వచ్చి కొడుకును నాలుగు వాయించి పోతుంది. “మీవాడికి వినపడదు, వినలేడు” అంటే డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంది. మొదటిదానికి కోపం, రెండోదానికి జాలి.

సూర్యుడు చెప్పింది కర్ణుడు వినలేకపోయాడా, వినలేదా? వినలేదు. సుబుద్ధి మాట సారంగధరుడు వినలేదు. తెలుగులో మనం ఇట్లాగే అంటాం, అనకతప్పదు కూడా.

ప్రొద్దుటూరు టీచరమ్మ:

సార్, అక్కడ చిన్న మెలిక ఉంది. సూరి వాక్యంలో మూడు క్రియలున్నాయి. దీపం వాసన పసిగట్టకపోవడం, నక్షత్రం కనపడకపోవడం ఒంటికి సంబంధించినవి, వాటిలో ఇష్టాయిష్టాలు లేవు. పాతభాషలో ‘కనరు’ అంటే చూడరు అనీ వస్తుంది, చూడలేరు అనీ వస్తుంది. వాటి పక్కన ‘వినరు’ పెడితే అదీ ఆ రెండింటి వైపే వాలుతుంది. మీరు ఒక్క ‘వినరు’నే విడదీసి చూపించారు. లెక్కల సార్లు ఇట్లా చేయకూడదు.

నా జవాబు:

దొరికిపోయాను మేడం.

కడప ఇంగ్లీషు లెక్చరర్:

నేను మామూలుగా ఇక్కడ చదివి పోతుంటాను, ఇవాళ ఆగలేకపోయాను. గ్రీకు నాటకం ఒకటి చెప్పాలి, మీ ‘చేజేతులా’ కోసమే.

సోఫోక్లీస్ రాసిన ఈడిపస్ కథ చాలామందికి తెలుసు. తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతాడని జోస్యం. అందుకని పుట్టగానే చీలమండలకు చీల దిగ్గొట్టి కొండ మీద పారేయమంటారు. గొర్రెల కాపరి జాలిపడి ఇంకొకరికి ఇస్తాడు, బిడ్డ కొరింత్ రాజు ఇంట్లో పెరుగుతాడు. పెద్దయ్యాక జోస్యం చెవిన పడి, పెంచినవాళ్లే కన్నవాళ్లనుకుని, వాళ్లకు కీడు జరగకూడదని ఊరు విడిచి పారిపోతాడు. మూడు దారులు కలిసే చోట ఒక ముసలాయనతో గొడవపడి చంపేస్తాడు. ఆయనే తండ్రి. తప్పించుకోవడానికి వేసిన అడుగే అక్కడికి చేర్చింది. ఇంతవరకు పులివెందుల పెద్దాయన గెలిచినట్టే.

కానీ నాటకం మొదలయ్యేసరికి ఇదంతా జరిగి ఏళ్లవుతుంది. నాటకంలో మనం చూసేది ఈడిపస్ విచారణ. పాత రాజును చంపిందెవరు? గుడ్డి ప్రవక్త అడగొద్దంటాడు. భార్య, అంటే తల్లి, కాళ్లావేళ్లా పడి ఇక ఆపమంటుంది. ముసలి కాపరి చెప్పించొద్దని ఏడుస్తాడు. ముగ్గురి మిత్రవాక్యమూ వినలేదు, సూరి భాషలో. నిజం తేలాక ఆమె ఉరివేసుకుంటుంది. ఈయన ఆమె చీర పిన్నుల్లాంటివి, బంగారు సూదులు, తీసి తన కళ్లలో తనే పొడుచుకుంటాడు.

అప్పుడు ఊరి పెద్దలు అడుగుతారు, ఏ దేవుడు నీచేత ఈ పని చేయించాడు అని. ఈడిపస్ జవాబు చూడండి, నా మాటల్లో: ఈ కష్టాలన్నీ తెచ్చిపెట్టింది అపోలో, కానీ కళ్లలో పొడిచిన చెయ్యి ఇంకెవరిదీ కాదు, నాదే. అక్కడ గ్రీకులో ఉన్న మాట ‘ఔటోఖైర్’. ఔటో అంటే తాను, ఖైర్ అంటే చెయ్యి. చేఁజేత!

ఇంకోటి కూడా. విషాద నాయకుడి పతనానికి మూలమైనదాన్ని అరిస్టాటిల్ ‘హమార్తియా’ అన్నాడు. దాన్ని లోపం అని, పొరపాటు అని పాఠాల్లో చెప్తాం. ఆ మాటకు వెనక ఉన్న క్రియకు మొదటి అర్థం గురి తప్పడం. విలుకాడి భాష.

నా జవాబు:

సార్, అన్నం చల్లారిపోయింది, మీ పోస్టు మూడుసార్లు చదివాను. ఆ ఒక్క వాక్యంలో పెద్దాయనా ఉన్నారు, మా చిన్నమ్మా ఉంది. చేయించింది అపోలో, చేసింది నా చెయ్యి. మన ప్రేరణార్థకం కూడా ఇదే కదా, చేయించు, చేయు. ‘నీచేత చేయించాడు’ అన్నప్పుడు ఆ వాక్యంలో ఇద్దరు కర్తలుంటారు, పైన ఒకడు, చేతుల దగ్గర ఒకడు. మనం ఎవరి మీద కోపంగా ఉంటే వాడి పేరు ముందు చెప్తాం.

హమార్తియా మాత్రం కర్ణుడికి పెట్టలేం. ఆయన గురి తప్పలేదు, రథం కుంగింది.

ఆదోని అమ్మాయి:

అంకుల్, అందరూ పెద్ద పెద్దవి చెప్తున్నారు. నాకు ఒకటే అర్థం కాలేదు. పసిబిడ్డను పెట్టెలో పెట్టి నదిలో వదిలేసినప్పుడు కర్ణుడి చేతులు ఎంతున్నాయి? పిడికిలి కూడా సరిగా మూసుకోదు. సూతపుత్రుడని అందరూ జీవితాంతం ఎగతాళి చేశారు. విద్య కోసం కులం దాచాల్సొచ్చింది. అబద్ధం ఆడాడు కాబట్టి శాపం తగిలిందంటారు. నిజం చెప్తే విద్యే రాదు కదా. అక్కడ ఏం ఎంచుకోమంటారు ఆయన్ని? ఇవన్నీ అయిపోయాక చివర్లో పాము బాణం ఒక్కటి చూపించి నీ చేతులే అంటే నాకు అన్యాయం అనిపిస్తోంది.

నా జవాబు:

అమ్మా, నువ్వు చెప్పింది చదివాక పద్యాన్ని మళ్లీ చూశాను. కుంతి పేరు ముందు ఏముంది? ‘వరమడిగిన’. కన్న కుంతి అనలేదు, నీళ్లలో విడిచిన కుంతి అనలేదు. యుద్ధానికి ముందు వచ్చి కొడుకుల ప్రాణాలు అడిగిన కుంతి. ఆ రోజు కర్ణుడు కాదనగలడు. కాదనకుండా, అర్జునుణ్ణి తప్ప నలుగురినీ చంపను, ఎట్లా అయినా నీకు ఐదుగురు కొడుకులే మిగులుతారు అని మాటిచ్చాడు. కవి ఆ సంఘటన ఎంచుకున్నాడు. పెట్టెను వదిలేశాడు. టీచరమ్మ అడక్కముందే ఒప్పుకుంటాను, అక్కడ ‘వర’ లేకపోతే ప్రాస రాదు, వాసవుడితో యతి కుదరదు. అయినా ఆ పెట్టె లెక్కలోకి రాకపోవడం నాకిప్పుడు గుచ్చుకుంటోంది. నేను ఏడోవాణ్ణి వెతుకుతూ, అన్నిటికంటే ముందున్నదాన్ని చూడలేదు. చూడలేకపోయానో, చూడలేదో, అది టీచరమ్మ చెప్పాలి.

విద్య కోసం ఆడిన అబద్ధం సంగతిలో నేను నీ వైపే. సభలో ద్రౌపదిని అన్న మాటల సంగతిలో మాత్రం కాదు. అక్కడ ఆయన నోరు ఎవరూ బలవంతంగా తెరవలేదు.

ప్రొద్దుటూరు టీచరమ్మ:

చూడలేదు అనే రాసుకోండి సార్, జాలి పడను.

ఇంత దూరం వచ్చాం కాబట్టి ఆయన పేర్లలో ఒకటి చూద్దాం. కర్ణుణ్ణి వైకర్తనుడు అంటారు. వికర్తనుడంటే సూర్యుడు, ఆయన కొడుకు వైకర్తనుడు. ఇది పుట్టుకతో వచ్చిన పేరు, మార్చుకునేది కాదు. సంస్కృత భారతం ఆదిపర్వం ఇంకో కారణం చెప్తుంది. మొదట వసుషేణుడని పిలిచేవాళ్లు. కవచాన్ని ఒంటి నుంచి కోసి ఇచ్చిన ఆ పని వల్ల కర్ణుడని, వైకర్తనుడని పేరొచ్చింది. వికర్తనం అంటే కోయడం. ‘ఆ పని వల్ల’ అనేచోట శ్లోకంలో ఉన్న మాట ‘కర్మణా’. అక్కడ కర్మ అంటే తలరాత కాదు, చేసిన పని. మన ఊళ్లలో “నా ఖర్మ” అని ఒత్తు పెట్టి అనేసరికి అది నెత్తి మీదికి ఎక్కింది.

పెద్దాయన సూర్యుడి కొడుకు అన్న అర్థం తీసుకుంటారు, సార్ కోసి ఇచ్చినవాడు అన్న అర్థం తీసుకుంటారు. పేరు మాత్రం ఒకటే.

పులివెందుల పెద్దాయన:

టీచరమ్మ చెప్పింది బాగుంది. నేను ఓడిపోయినట్టు మాత్రం కాదు.

నా జవాబు:

ఇంతమంది ఇంత రాశాక, అసలు మనిషిని అడక్కపోవడం బాగుండదని నిన్న సాయంత్రం చిన్నమ్మకు ఫోన్ చేశాను. చిన్నాయన పోయి నాలుగేళ్లు. ఆమె ఇప్పుడు కూతురి దగ్గర ఉంటుంది. కర్ణుడు, ఈడిపస్ ఎవరినీ మధ్యకు తేలేదు. నాలుగో బోరు రోజు పొద్దున చిన్నాయన్ను ‘చేజేతులా చేసుకుంటివి’ అన్నావు, గుర్తుందా అని అడిగాను.

గుర్తుందంది. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక టీవీ సౌండు తగ్గించింది.

“ఆయన్నొక్కణ్ణే అంటిననుకుంటివా? మూడో బోరుకు కమ్మలు ఇడిసి ఆయన చేతిలో పెట్టింది ఎవురప్పా? అవి పెట్టకపోయింటే మూడోది లేదు, నాలుగోదీ లేదు. ఆ పొద్దు నా చేతులు సూసుకుంటానే అంటి ఆ మాట.”

తరువాత శెనక్కాయలు ఈసారి క్వింటాలు ఎంత పలుకుతున్నాయని అడిగింది.